క్షయ కాదన్న కాగితం

మెడ పక్కన బిళ్ళలు కడతాయి. సాయంత్రమయ్యేసరికి జ్వరం. పాతికేళ్ళ అమ్మాయి ఈ లక్షణాలతో వెళ్తే మన దగ్గర డాక్టరుకు మొదట గుర్తొచ్చేది క్షయ, తర్వాత లింఫోమా అనే కాన్సర్. ఆ రెండూ కాని మరొకటుంది. 1972లో జపాన్‌లో కికుచి, ఫుజిమోటో బృందం ఎవరికి వారుగా వర్ణించిన అరుదైన జబ్బు. వాళ్ళ పేర్లే దానికి స్థిరపడ్డాయి. ఆసియాలో, నలభై లోపు స్త్రీలలో ఎక్కువగా చూశారు. కారణం ఇదమిత్థంగా తేలలేదు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. కానీ అదేనని తేలాలంటే గ్రంథిని కోసి తీసి పరీక్షించాలి. జబ్బు పోయినా మెడ మీద గాటు మిగులుతుంది.

నా స్నేహితురాలికి ఆ పరీక్ష కంటే ముందే క్షయ మందులు మొదలుపెట్టారు. చివరికి రిపోర్టు వచ్చినరోజు వాళ్ళమ్మ గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. ఆ కాగితాన్ని జాతకం పక్కన, పెళ్ళి సంబంధాల ఫైల్లో పెట్టింది. గాటు సంగతి ఎవరైనా అడిగితే చూపించడానికట.

"అదే క్షయ అని వస్తే ఏం పెట్టేదానివమ్మా?"

"శుభమా అని తగ్గితే ఆ మాటలేమిటే!"

ఆ తల్లి ఊరటను నేను తప్పుపట్టను. నెలల తరబడి నిద్రలేదు ఆమెకి. నా పేచీ ఆ కాగితం చేసే పనితో. గ్రంథులకే పరిమితమైన క్షయ పక్కవాళ్ళకు అంటదు. మామూలుగా ఆరునెలల మందులతో నయమవుతుంది. మరి 'క్షయ కాదు' అన్న మాట ఆరోగ్యానికి హామీయా, నడవడికకు సర్టిఫికెట్టా? సూసన్ సోంటాగ్ 1978లో జబ్బులకు మనం అంటగట్టే అర్థాల గురించి రాస్తూ ఎంచుకున్నవి సరిగ్గా ఈ రెండే, క్షయ, కాన్సర్. ఈ అమ్మాయి ఆ రెండిటి నుంచీ బయటపడింది. అదే ఆసుపత్రి వరసలో ఆమె వెనక నిలబడి, నిజంగానే క్షయ అని తేలిన అమ్మాయికి ఏ కాగితం ఇస్తాం?

అయితే దాచమంటావా అని అడిగారు మిత్రులు. తగ్గిపోయిన జ్వరం లెక్క పెళ్ళిచూపుల్లో అప్పజెప్పే బాధ్యత ఏ ఆడపిల్లకీ లేదు. పెళ్ళికొడుకు ఎక్స్‌రే ఎవరడిగారు గనక?

చిక్కు మరోచోట ఉంది. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో కొందరికి తర్వాత లూపస్ రావచ్చు. అందుకే కొన్నేళ్ళపాటు పరీక్షలు చేయించుకోమంటారు. లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. ఇది అయిపోయిన కథ కాదు, కలిసి బతకబోయే మనిషికి తెలియాల్సిన సంగతి. ఆ మనిషికి, ఆమె నోటితో. కుర్చీలు వేసుకు కూర్చున్న పదిమందికి కాదు. అతను వెనక్కి తగ్గితే? తగ్గొచ్చు. ఆ భయం నిజమైనదే, దానికి నా దగ్గర మందు లేదు.

తను ఆ రిపోర్టుని జాతకం పక్కనుంచి తీసి, ఏటా చేయించుకునే రక్తపరీక్షల కవర్లో పెట్టుకుంది. వాళ్ళమ్మ ఇంకా వెతుకుతోంది.