నియమము తప్పిన పందెము

పందెములో నియమము మీరినవానికి కిరీటము దొరకదని పౌలు భక్తుడు తిమోతికి వ్రాసెను (2 తిమోతి 2:5). పరుగెత్తినవారే మోసపోయినయెడల ఏమనవలెను?

తూర్పు జర్మనీ ప్రభుత్వము 1974 మొదలు తన క్రీడాకారులకు స్టెరాయిడు మందును రహస్యముగా ఇప్పించెను. అది పురుష హార్మోనును పోలినది. ఈత నేర్చు ఆడపిల్లలకు సహా, విటమినులని చెప్పి, శిక్షకులే ఆ నీలి మాత్రలు చేతిలో పెట్టిరి. తలిదండ్రులకు తెలియనియ్యలేదు. కండలు పెరిగెను, పతకములు వచ్చెను. పిమ్మట కొందరికి కాలేయము, కొందరికి గుండె చెడెను. కన్యకల గొంతులు మగగొంతులాయెను.

నమ్మి మ్రింగిన బిడ్డలను నేను తప్పుపట్టలేను. దేహము దేవుని ఆలయమని ఎరిగియు, కండలకొరకు నేడు తానే కొని మ్రింగువాని మాట వేరు. తలిదండ్రులారా, మీ కుమారుని చేతిలోని మాత్ర ఏమిటో అడుగుడి.

2000 సంవత్సరమున బెర్లిను న్యాయస్థానము నాటి క్రీడాధికారి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డును దోషియని తీర్చెను. చెరసాలకు మాత్రము పంపలేదు. ఆ స్త్రీల గొంతులు మరల మునుపటివలె కాలేదు.