తాంబూలంలో ఎంత పెట్టాలి?

మా కోనసీమలో పెళ్ళి కుదిరిందంటే ముందు బయానాలు మొదలవుతాయి. పందిరివాళ్ళకి బయానా, వంటవాళ్ళకి బయానా, సన్నాయి మేళానికి బయానా. ఫొటోలు తీసే ఆయన సంగతి సరేసరి, ఆయన ఖాళీ చూసుకుని మరీ ముహూర్తం పెట్టుకోవాలి! ఇంత పద్ధతి తెలిసిన ఇళ్ళలోనే, పీటల దగ్గర నాలుగు కీర్తనలు పాడిన సంగీతం టీచరుగారికి మాత్రం రెండు అరటిపళ్ళు, ఒక జాకెట్టు గుడ్డ. పైగా, "మీకు డబ్బులిస్తే బావుండదు కదండీ, సరస్వతిని అమ్ముకున్నట్టుంటుంది" అని ఓ మాట.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పురోహితుడుగారు దక్షిణ పుచ్చుకుంటే వేదాన్ని అమ్ముకున్నట్టు కాదు. నేను నవల రాసి పారితోషికం పుచ్చుకుంటే ఎవరూ ముక్కున వేలేసుకోరు. పాట దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ పాడేది ఇంటి ఆడపిల్లయితే, ఎక్కడలేని పవిత్రతా గుర్తొస్తుంది.

రాజోలులో మా వీధి చివర ఓ అమ్మాయి ఉంది. సంగీతంలో డిప్లొమా చేసింది. "అత్తయ్యగారూ, నేను పాటనే నమ్ముకుని బతకొచ్చంటారా?" అని ఓ సాయంత్రం అడిగింది. నేను నోరు విప్పేలోగానే వాళ్ళమ్మ అందుకుంది. "చూశారా వదినగారూ! పెళ్ళిచూపుల్లో పాడుతుందని సంగీతం చెప్పించాం గానీ, ఊళ్ళమ్మట పాడి డబ్బు పుచ్చుకోడానికా?"

ఆవిణ్ణి తప్పుపట్టి లాభంలేదు. ఆ భయానికి పెద్ద కథే ఉంది. గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు పాడి, ఆడి, దర్జాగా ప్రతిఫలం పుచ్చుకున్న ఆడవాళ్ళు కలావంతులే. పదాలూ జావళీలూ వాళ్ళ నోటనే బతికాయి. వాళ్ళ విద్యకి చప్పట్లు కొట్టిన సంఘమే వాళ్ళ బతుకుని వేలెత్తి చూపించింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లల్ని గుడికి అంకితం చేయడం ఆగింది, మంచిదే. కానీ దాంతోపాటు ఎంతోమందికి అన్నం పెట్టిన విద్యా మూలపడింది. ఆ పాట తర్వాత మన మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. వచ్చేటప్పుడు గడప బయట వదిలేసింది ఒక్కటే, ప్రతిఫలం.

త్యాగరాజస్వామి రాజుగారి కానుకలు కాదన్నారు కదా అంటారు మీరు. అన్నారు. ఉంఛవృత్తి చేశారు. అంటే ఊరివాళ్ళు చెంబులో బియ్యం పోశారన్నమాట. ఆ గుప్పెడు బియ్యమూ పోయకుండా ఆయన పేరు చెప్పి పాట ఊరికే పాడించుకుంటే ఎలా?

అసలు సంగీతంతో బతకడమెలాగో వెతుక్కుంటూ మనం దూరం పోనక్కర్లేదు. రాజోలుకి దగ్గర్లోనే శంకరగుప్తం ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో అక్కడ పుట్టారు. ఎనిమిదో ఏట బెజవాడలో కచేరీ చేశారు. పదిహేనేళ్ళు వచ్చేసరికి డెబ్భైరెండు మేళకర్తలూ ఆయనకి కరతలామలకం. అంతటి మనిషీ కచేరీల మీదే కూర్చోలేదు. విజయవాడ రేడియోలో పనిచేశారు, అక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపాలుగా ఉన్నారు, 1967లో 'భక్త ప్రహ్లాద'లో నారదుడి వేషం వేశారు. వయొలా, మృదంగం, కంజీరా కూడా వాయించారు. నాలుగు స్వరాలతో కొత్త రాగం కడితే సంప్రదాయవాదులు ఊరుకోలేదు. అయినా ఆయన తగ్గలేదు. నెలనెలా వచ్చే జీతం ఆ ధైర్యానికి కొంత ఊతమయ్యే ఉంటుందని నా అనుమానం. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసుగారూ, ద్వారం వెంకటస్వామినాయుడుగారూ చేసింది కూడా ఉద్యోగమే. దానివల్ల నాయుడుగారి కమాను బరువెక్కిందని ఎవరూ అనలేదు.

బాలమురళిగారి తల్లి సూర్యకాంతమ్మగారు. వీణ బాగా వాయించేవారట. పిల్లవాడు పొత్తిళ్ళలో ఉండగానే పోయారు. ఆవిడ గురించి ఎక్కడ చదివినా నాకు ఆ ఒక్క వాక్యమే ఎదురవుతుంది. ఆయనకి 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆవిడ వీణకి ఎవరైనా, ఎప్పుడైనా, తాంబూలమైనా ఇచ్చారా?

కపిలేశ్వరపురంలో 1973లో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టి ఆడపిల్లలకి హరికథ నేర్పడం మొదలుపెట్టారు. చిడతలు పట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రాత్రి రెండు గంటలు నిలబడి కథ చెప్పే పిల్లని చూడండి. ఆ పిల్ల కథకి ఇంత అని చెప్పి పుచ్చుకుంటుంది. భక్తి ఎక్కడా తగ్గదు, చెప్పొద్దూ, వినే ముసలమ్మల కళ్ళు చెమరుస్తూనే ఉంటాయి.

అలాగని డబ్బు వస్తే చాలు, తృప్తి దానంతటదే వస్తుందని నేను అనను. మా అమ్మాయి ఇప్పుడు పాఠానికి ఇంత అని చెప్పి పుచ్చుకుంటోంది. ఊళ్ళో పిల్లలు సాయంత్రం వస్తారు. న్యూజెర్సీలో ఉన్న ఇద్దరు పిల్లలకి తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోనులో చెబుతుంది, అక్కడ అది రాత్రి ఏడు గంటలట. రోజంతా సరళీస్వరాలే. చెప్పి చెప్పి గొంతు అరుగుతుంది, తన పాట మాత్రం పెరగదు. నూరుమందికి వండిపెట్టి తాను పచ్చడి మెతుకులు తిన్నట్టే. అందుకని ఐదున్నర నుంచి ఏడు దాకా తలుపేసుకుని తను పాడుకుంటుంది. ఆ వేళకి పాఠం చెప్పమని మరో అమెరికా తల్లి బతిమాలింది. రెట్టింపు ఇస్తానంది.

"ఇస్తానంటే ఎందుకొద్దంటోందో అడగండి వదినగారూ" అని వాళ్ళమ్మ నా దగ్గరకొచ్చింది. డబ్బు పుచ్చుకోవడమే తప్పన్నావిడే! నాకు నవ్వాగలేదు.

"ఆ గంటన్నర అమ్మనండీ అత్తయ్యగారూ" అంది ఆ పిల్ల, చాలా మామూలుగా.

నవంబరు వస్తే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారట. నాలుగున్నర పాఠం ఐదున్నరకి జరుగుతుంది. న్యూజెర్సీ పిల్లలకి ఇప్పట్నుంచే వేరే వేళ చూసుకోమని చెప్పింది. వాళ్ళు మానేస్తారేమోనని తల్లి బెంగ. మానేసినా సరేనంటోంది ఆ పిల్ల.