మదగజము - మైత్రీభావము

బలవంతమగు దానిని బలముచేతనే లొంగదీయవలెనా? ఈ ప్రశ్నకు బౌద్ధశిల్పము ఒక ఏనుగు కథతో సమాధానము చెప్పినది.

బౌద్ధవాఙ్మయమున ఏనుగు మంగళరూపము. బోధిసత్త్వుడు మాయాదేవికి స్వప్నమున శ్వేతగజమై దర్శనమిచ్చెను. పాలీభాషలో 'నాగ' శబ్దము గజమునకును, మహాపురుషునకును కూడ వర్తించును. ధమ్మపదమున 23వ వర్గమునకు నాగవర్గమనియే పేరు. అట్టి గజమే మదించినచో?

దేవదత్తుడు తథాగతుని సంహరింపనెంచి, నాలాగిరి యను ఏనుగునకు మద్యము పోయించి రాజగృహవీథిలోనికి విడిపించెనని కథ. జనులు భయముతో పరుగులెత్తిరి. తథాగతుడు ఆయుధము పట్టలేదు, వెనుదిరుగలేదు, మైత్రీభావముతో నిలిచెను. ఏనుగు ఆయన పాదములచెంత మోకరిల్లెను.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున కృష్ణాతీరమందలి అమరావతిలో ఒక శిల్పి ఈ ఘట్టమును వర్తులఫలకమున మలచినాడు. అది నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. అందు ఒకవైపు జనులపై విరుచుకుపడు ఏనుగు, మరియొకవైపు మోకరిల్లిన ఏనుగు. రెండును ఒక్క నాలాగిరియే! వాని నడుమ గీటైనను లేదు.

ఏనుగు బలము తగ్గలేదు. మదము మాత్రమే దిగినది. మద్యము పరులు పోసినది, శాంతి దాని స్వభావమునందే ఉన్నది. క్రోధించినవానిని శత్రువుగా చూచుట సులభము. వానికి ఆ మదమెట్లు కలిగెనో విచారించుట కష్టము. అంకుశము ఏనుగును ఆపగలదు గాని, దాని పని మావటివాడు దగ్గరనున్నంతవరకే. మైత్రి లోపలి మదమునే దింపును. ఇంటను, వీథిని కోపమున కెదురైనపుడు మనుష్యుడు ముందుగా చేతికి తీసికొనవలసిన దేది?