మాయ ఎవరిది?

కడుపులో బిడ్డను కాచే అవయవాన్నీ, వేదాంతులు వదిలించుకోమనే భ్రమనీ తెలుగులో ఒకే మాటతో పిలుస్తాం: మాయ. రెండో దాని మీద పుస్తకాలకు లెక్కలేదు. మొదటి దాన్ని మంత్రసానులకు వదిలేశాం.

మా చెల్లెలికి ఏడో నెలలో బీపీ పెరిగి, గుర్రపువాతం వస్తుందన్న భయంతో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కిలోంపావు పిల్ల. "దాని కడుపుకి మోసే సత్తువ లేదు" అన్నారు అత్తగారి వైపు వాళ్ళు. అమ్మ కూడా కాదనలేదు. ఆ మాట పడలేకే నేను మాయ గురించి చదవడం మొదలుపెట్టాను.

మాయ చాలావరకు తల్లి శరీరం కాదు. బిడ్డ ఏ అండం నుంచి వచ్చిందో మాయా దాని నుంచే వస్తుంది. అంటే తండ్రి జన్యువులూ అందులో ఉంటాయి. దాని కణాలు గర్భాశయం గోడలోకి చొచ్చుకుపోయి తల్లి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. నెలలు నిండేసరికి అది అరకిలో బరువుంటుంది, నిమిషానికి అరలీటరుకు పైగా తల్లి రక్తం దాని దగ్గరికొస్తుంది. అయినా ఇద్దరి రక్తాలూ విడివిడిగానే పారతాయి. మధ్యనున్న పలుచటి పొర గుండా ఆక్సిజన్, గ్లూకోజ్ బిడ్డకు అందుతాయి. కార్బన్ డయాక్సైడ్, యూరియా తల్లి వైపు వస్తాయి. తల్లి కార్టిసాల్‌లో చాలా భాగాన్ని మాయ నిర్వీర్యం చేస్తుంది. చివరి నెలల్లో ఆమె యాంటీబాడీలను ఏరి మరీ దాటిస్తుంది. అలాగని అది కోటగోడ కాదు. సారా దాటిపోతుంది. 1957 నుంచి 1961 దాకా వేవిళ్ళకని కూడా అమ్మిన థాలిడోమైడ్ దాటిపోయి వేలమంది పిల్లల కాళ్ళూ చేతులూ తినేసింది.

మా చెల్లెలికి వచ్చినలాంటి జబ్బుకు మూలం చాలాసార్లు మాయ పాతుకునే తొలి నెలల్లోనే ఉంటుంది. నాళాలు సరిగ్గా వెడల్పు కావు. నేరాన్ని బావగారి ఖాతాలోకి మార్చాలని నేనీ మాట చెప్పడం లేదు. నేరమే లేని చోట నేరస్తురాలిని వెతికారని చెబుతున్నాను. స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అన్న మనుస్మృతి లెక్క ఆసుపత్రి వరండా దాకా నడిచొచ్చింది: పంట పోతే తప్పు నేలదే.

లూస్ ఇరిగరే 1990 నాటి పుస్తకంలో జీవశాస్త్రవేత్త ఎలెన్ రూష్‌తో ఒక సంభాషణ ఉంది. తల్లీబిడ్డలు ఒకటే అనే ఊహను మాయ ఒప్పుకోదని, అది ఇద్దరినీ ఇద్దరుగానే ఉంచుతుందని అక్కడ వాదన. నాకది నచ్చింది గానీ, దాన్నే నీతిగా తీసుకోవడానికి మనసొప్పదు. తల్లి ఒంట్లో ఇనుము తక్కువైతే మాయ ఇంకా గట్టిగా లాగుతుంది. ఆమెను అడగదు. అడగనిదీ, ఒప్పుకోనిదీ త్యాగం ఎలా అవుతుంది? మనం మాత్రం దానికి మాతృత్వ త్యాగమని పేరుపెట్టి, దణ్ణం పెట్టి, ఆమె కంచం వైపు చూడటం మానేస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు.

మంత్రసానుల లెక్క వేరు. బిడ్డ ఏడవగానే గదిలో అందరి కళ్ళూ బిడ్డ మీదికి పోతాయి. ఆమె మాత్రం మాయ పడేదాకా కదలదు. పడ్డాక దాన్ని తిప్పి తిప్పి చూస్తుంది, ముక్కేదైనా లోపల ఉండిపోయిందేమోనని. ఉండిపోతే నెత్తురు ఆగదు. ఆ నెత్తురు తల్లిది.