చెట్ల నడుమ మిగిలిన రెక్క

తిరుకుటుంబము ఐగుప్తునకు పారిపోవుట అనగానే మన కళ్ళముందు నిలిచేది గాడిదపై మరియమ్మ, ఒడిలో బాలయేసు, ముందు నడిచే యోసేపు, వారి వెంట ఒక దేవదూత. కాని మత్తయి సువార్త 2వ అధ్యాయం తెరచి చూడండి. దూత కలలో కనిపించి ఆజ్ఞ తెలిపాడు, అంతే. దారిలో తోడు వచ్చినట్లు లేదు.

17వ శతాబ్దంలో హాలెండు దేశపు చిత్రకారుడు హెర్క్యులిస్ సేగర్స్ ఒక రాగిరేకుపై విశాలమైన ప్రకృతి దృశ్యాన్ని, దాని ముందు ఇద్దరు బాటసారులను చెక్కాడు. వారు తోబియా, రఫాయేలు దూత. అటువంటి రేకుకు సిరా పట్టించి కాగితాలపై అచ్చు తీసేవారు. సేగర్స్ మరణానంతరం ఆ రేకు రెంబ్రాంట్ చేతికి వచ్చింది. ఆయన 1653 ప్రాంతంలో ఆ ఇద్దరినీ రుద్ది చెరిపి, అక్కడ చెట్లు గీసి, వాటి క్రింద తిరుకుటుంబాన్ని చిన్నదిగా చెక్కాడు. పరికించి చూస్తే చెట్ల నడుమ దూత రెక్క గీతలు ఇంకా కనిపిస్తాయి. రాగిపై లోతుగా పడిన గీత అంత సులభంగా పోదు మరి.

పవిత్రమూర్తులను అంత చిన్నగా చూపడం కొందరికి అమర్యాదగా తోచవచ్చు. నాకు అలా తోచదు. ఆ దారిన పోయేవారి కళ్ళకు వారు అంతే కనిపించి ఉంటారు.

నన్ను వేధించే ప్రశ్న వేరు. తోబియా బయలుదేరింది తండ్రి దాచియుంచిన వెండిని తెచ్చుటకు. ఆ పనికి దేవుడు దూతనే తోడు పంపాడు (కుక్క కూడా వెంట వెళ్ళింది!). హేరోదు కత్తికి భయపడి పారిపోయే పసిబిడ్డకు దారితోడు లేకపోవడం ఏమి న్యాయం? దూత కనిపించకుండా వెంట ఉన్నాడని చెప్పవచ్చు. విశ్వాసులుగా అది కాదనలేం. అయితే ఆ జవాబు మనలను మరీ తేలికగా విడిచిపెడుతుంది. అన్ని దారులలోను దూతే తోడుంటే మనుష్యులతో పనేమి?

తోబియా తండ్రి తోబీతు ఈ సంగతి ఎరిగినవాడు. నీనెవె నగరంలో తానే ఒక ప్రవాసి. చంపబడిన తనవారిని రహస్యంగా పాతిపెట్టినందుకు రాజు ప్రాణం తీయజూస్తే పారిపోయి దాగుకొన్నాడు. ఆస్తి అంతా పోయింది. ఆ మృతులకొరకు దూత ఎవరూ దిగిరాలేదు. గోతులు త్రవ్వింది తోబీతే.

12వ భక్తినాథ పాపుగారు 1952లో వెలువరించిన ‘ఎక్సుల్ ఫమీలియా’ లేఖ, ఐగుప్తులో తలదాచుకొన్న తిరుకుటుంబమే శరణార్థి కుటుంబాలన్నింటికి ఆదర్శమని బోధించింది. ఆ కుటుంబానికి ఐగుప్తులో తలుపు తీసినవారెవరో సువార్త చెప్పదు. వచ్చినవారెవరో ఆ ఇంటివారికి తెలిసి ఉండదనే నా అభిప్రాయం.