పిల్లల రంగులపెట్టె, గృహస్థుని అహింస

పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించు తలిదండ్రులు ఇప్పుడు మన కుటుంబములలోను కనబడుచున్నారు. లెక్కలకును భాషలకును పుస్తకము కుదుర్చుకొనుట వారికంత కష్టము కాదు. హోసూరులో నాలుగు భాషలు వీధిలోనే దొరకును. చిత్రలేఖనమునకు ఏ పాఠ్యక్రమము మంచిదన్న చోట మాత్రము ఆగిపోవుచున్నారు. అచ్చుబొమ్మను చూచి దించుట నేర్పు పుస్తకము మేలా, ఎదుట నున్న వస్తువును చూచి వ్రాయించునది మేలా, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ వారి పదవ తరగతి పరీక్షలో చిత్రలేఖనము ఒక విషయముగా నున్నది గనుక మొదటినుండి దానికే సిద్ధపరచవలెనా అని తర్కించుచున్నారు. ఇవి తగిన ప్రశ్నలే. కాని జైన గృహస్థుడు వీటికన్న ముందు అడుగవలసినది ఒకటున్నది. ఆ పాఠ్యక్రమము మన ఇంటికి ఏ సరుకు తెప్పించును?

తండ్రి ఇంటిలో గురువగుట మనకు కొత్త కాదు. జినసేనాచార్యుల ఆదిపురాణములో ఋషభదేవుడు కుమార్తెలగు బ్రాహ్మికి లిపిని, సుందరికి అంకెలను తానే నేర్పెను. కుమారులలో అనంతవిజయునకు చిత్రకళ నేర్పెను. పురుషులకు 72 కళలు, స్త్రీలకు 64 ఆ స్వామియే ఉపదేశించెనని కల్పసూత్రము చెప్పును. అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము అను ఆరు వృత్తులలో మన వాణిజ్యము ప్రక్కనే శిల్పమున్నది. అంగడివాని బిడ్డకు బొమ్మలెందుకని ఎవరైన అన్నచో అది శాస్త్ర మెరుగని మాట.

అయితే హింస మాటేమి? మన పెద్దలు హింసను నాలుగు విధములుగా చెప్పిరి: సంకల్పించి చేయునది, ఇంటిపనులలో జరుగునది, వృత్తిలో జరుగునది, ఆత్మరక్షణలో జరుగునది. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగా విడిచి, తక్కిన మూటిని తగ్గించుకొనవలెను. రంగుల కొనుగోలు ఇందులో ఎక్కడ చేరును? చంపవలెనని ఎవరును కుంచె కొనరు గనుక సంకల్పము కాదందురు కొందరు. పిల్లల విద్యకు కొన్నది గనుక ఇంటిపనులలోనిదే అందురు మరికొందరు. నాకు మాత్రము అది అనర్థదండమను చోట చేరునని తోచుచున్నది. ప్రయోజనము లేని హింసను విడుచుటకే ఆ వ్రతమును గుణవ్రతములలో చేర్చిరి. బొమ్మకు ఎరుపు కావలెను, సరే. చంపని ఎరుపు ప్రక్కనే ఉండగా చంపిన ఎరుపుతో ప్రయోజనమేమి?

సరుకు సంగతి వర్తకులకు చెప్పనక్కరలేదు గాని, ఈ సరుకు కొంచెము దాగియుండును. కార్మైన్ అను ఎరుపు కొచినీలు పురుగులనుండి వచ్చును. ఎండిన పురుగులు ఒక పౌను తూగుటకు సుమారు 70,000 కావలెను. ఎముకలు కాల్చి చేసిన నలుపు ఇంకను అమ్మకములో నున్నది. దంతపు నలుపని దానికి పేరు. ఒకప్పుడు నిజముగా ఏనుగుదంతమునే కాల్చిరి. మేలురకపు ట్యూబులమీద సన్నని అక్షరములలో గుర్తులుండును. ఎన్.ఆర్. 4 అన్నచో పురుగు, పి.బి.కె. 9 అన్నచో ఎముక. జెలటిన్ పట్టించిన దళసరి కాగితము, జంతువుల వెంట్రుకల కుంచె కూడ అడిగి తెలిసికొనవలసినవే.

మామిడితోటల కృష్ణగిరివారు వినవలసిన దొకటున్నది. ఇండియన్ యెల్లో అను పసుపును గూర్చి త్రైలోక్యనాథ ముఖర్జీ 1883లో వ్రాసెను. బీహారులో ముంగేరు వద్ద మీర్జాపూరులో ఆవులకు మామిడాకులును నీరును తప్ప మరేమియు పెట్టక, వాటి మూత్రమును కాచి ఆ రంగు తీయుచుండిరి. ఆవులు చిక్కిపోయి యుండెను. మన గుమ్మమునకు తోరణమైన ఆకు ఆ పశువుకు శిక్ష యైనది. నేడు ఆ పేరుతో దొరకునది వేరు రసాయనము, దానితో పేచీ లేదు.

మన దేశపు సూక్ష్మచిత్రకారులు ఉడుత వెంట్రుకల కుంచె వాడలేదా, వారికన్న మనము శుద్ధులమా అని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ సరియైనదే. కాని వారికి నైలాను కుంచె లేదు, మనకున్నది. అట్లని ఇంట నున్న పాత కుంచెను పారవేయవలెనా? వద్దందును. ఒక కుంచె అమ్ముడైన చోటికి మరియొక కుంచెకు ఆర్డరు పోవుట మనకు తెలిసినదే. హింస ఆ ఆర్డరులో నున్నది గాని అరిగిన కుంచెలో లేదు. ఇంకొకటి: లేబిలు చదువు పని పెద్దలది. అది బిడ్డ కప్పగించితిమా, వాడు బొమ్మ మాని పొరుగింటి రంగులపెట్టెలు తనిఖీ చేయబోవును.

ఇక నేర్పవలసిన క్రమము. మందిరములో బియ్యముతో స్వస్తికము వేసిననాడే మన బిడ్డకు చిత్రలేఖనము మొదలైనది. గీత, కొలత, పొందిక ఆ చేతికి అప్పుడే పరిచయమైనవి. దాని తరువాత బియ్యపుపిండి ముగ్గు. చీమలకు అది ఆహారము. శ్రీకాళహస్తి కలంకారీవారివలె వెదురు కలమును, ఇనుమును బెల్లపునీటిలో నానవేసి తీసిన నలుపును ఇంటనే చేయించవచ్చును. పులిసిన నీటిలోను జీవులున్నవి గదా అని పెద్దలు అనవచ్చును. ఆ చర్చ మునులకు వదలుచున్నాను. పుదుక్కోట్టై వైపు వెళ్లినప్పుడు సిత్తన్నవాసల్ జైనగుహలో పైకప్పున నున్న 9వ శతాబ్దపు తామరకొలను తప్పక చూపవలెను. చేపలు, పక్షులు, ఏనుగులు ఒకే నీటిలో నున్నవి.

సూది గ్రుచ్చి ఆరబెట్టిన సీతాకోకచిలుకను చూచి గీయుమను పాఠమున్న పుస్తకమును మాత్రము, ఎంత పేరుగన్నదైనను, కొనరాదు. అట్టి బొమ్మలో రెక్కల గీతలన్నియు సరిగానే కుదురును. పెరటిలో బ్రతికియున్న మిడుతను చూచి గీయు బిడ్డకు అట్లు కుదరదు. వెనుక కాలు గీయునంతలో అది ఎగిరిపోవును. ఆ మూడు కాళ్ల మిడుతకు మార్కులు తగ్గించు పాఠ్యక్రమము మా ఇంటికి అక్కరలేదు.