బజరు తీగను కోయవచ్చునా?



మనలను విసిగించు హెచ్చరికలు రెండు విధములు. ఒకటి, తప్పు జరిగినందున మోగునది. రెండవది, తప్పేమియు లేకయే మోగునది. చెవికి మాత్రము రెండును ఒక్కటే. మోగుచున్నది నిజమో అబద్ధమో తెలియనప్పుడు దాని నోరు మూయించుట న్యాయమా? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో ఎదురుపడలేదు. బాపులపాడులో, ఒక పాత కారు డాష్‌బోర్డు క్రింద ఎదురుపడినది.

మా సంఘమువారము చందాలు వేసికొని ఒక పాత కారును కొంటిమి. రోగులను ఆసుపత్రికి చేర్చుటకును, నడువలేని వృద్ధులను ఆరాధనకు తెచ్చుటకును అది ఉపయోగపడుచుండెను. మామిడికాయల కాలములో తోటలనుండి పండ్ల పెట్టెలను సైతము మోసెడిది. ఆ కారులో ఒక బజరు కలదు. దీపములు వెలుగుచుండగా డ్రైవరు తన తలుపు తెరచినయెడల అది మోగవలెను. దీపములు ఆర్పక దిగిపోవుచున్నావని జ్ఞాపకము చేయుటయే దాని పని.

ఒక వేసవిలో ఆ బజరు తలుపు మూసియున్నను మోగసాగెను. పగలు నోరెత్తదు. ప్రొద్దుగ్రుంకి దీపములు వేయగనే మొదలుపెట్టి, హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు చేరువరకు ఆగక గీపెట్టెడిది. వెనుక సీటులోని రోగి చెవులు మూసికొనెడివాడు. తలుపు తీసి గట్టిగా వేసితిమి. డాష్‌బోర్డుమీద చరచితిమి. ప్రయోజనము లేకపోయెను. కారు నడుపు యువకుడు, "అయ్యగారండీ, ఇదొట్టి అబద్ధాల బజరండి. వైరు కోసేస్తే పీడా వదిలిపోద్దండి" అనెను. మేము సరే యంటిమి. ఒక్క నిమిషములో పని ముగిసెను. ఆ రాత్రి ప్రయాణము ఎంత హాయిగా నుండెనో చెప్పలేము. సమాధానము దొరికినదనుకొంటిమి.

ఆరు వారములు గడచెను. ఒక వానపట్టిన సాయంకాలము ఆ యువకుడు కారును షెడ్డులో గోడవైపు నిలిపి, పెద్ద దీపములను ఆర్పి, చిన్న దీపములను మరచి, తలుపు తీసి దిగిపోయెను. ఆ క్షణముననే మోగుటకు ఆ బజరు పెట్టబడినది. కాని దానికి నోరు లేదు. రాత్రి రెండు గంటలకు పేటలో ఒక సహోదరికి కాన్పు కష్టమైనదని ఆమె పెనిమిటి పరుగెత్తుకొని వచ్చెను. తాళపుచెవి త్రిప్పితిమి. టక్కుమను చప్పుడు తప్ప మరేమియు లేదు. బాటరీ చచ్చియుండెను. పదిమంది బురదలో కారును త్రోసిరి. అది కదలినదే గాని అందుకొనలేదు. ఆటో ఒకటి దొరుకువరకు దాదాపు గంట గడచెను. దేవుని కనికరమువలన తల్లియు బిడ్డయు బ్రదికిరి. అయినను ఆ గంటసేపు ఆమె పెట్టిన కేకలు మా చెవులను విడిచిపోలేదు. ఆ బజరు మోత ఎంత చిన్నదో ఆ రాత్రి మాకు తెలిసెను.

తెల్లవారగనే ఆ యువకుడు తల వంచుకొని, "తప్పు నాదండి" అనెను. నీ ఒక్కనిదే కాదు, కోయుమన్నది మేము, నిశ్శబ్దమునకు సంతోషించినది మనమందరమును అని చెప్పితిమి.

తరువాత కారును హనుమాన్ జంక్షన్‌లోని ఒక మెకానిక్కునొద్దకు తీసికొనిపోతిమి. బజరు ఎంత గట్టిగా మోగెడిదో అతడు అడుగలేదు. "ఎప్పుడు మోగేదండి?" అని అడిగెను. రాత్రులందే యంటిమి. అతడు తెగిన తీగను మరల కలిపి దీపములు వేసెను. వెంటనే బజరు మోగెను. తలుపు తీసి, స్తంభములో మేకువలె బయటికి పొడుచుకొనియున్న చిన్న స్విచ్చును బొటనవ్రేలితో లోనికి నొక్కెను. బజరు ఆగెను. వ్రేలు తీయగా మరల మోగెను.

"చూశారాండీ, బజరు అబద్ధమాడట్లేదు. తలుపు తెరిచుందని దానికి కబురొస్తోంది. కబురు తెచ్చేవాడిదండీ తప్పు" అని నవ్వెను. ఆ స్విచ్చు కొననుండు రబ్బరు తొడుగు అరిగిపోయియుండెను. పండ్ల పెట్టెలు ఎక్కించి దించుటలో తలుపు కూడ కొంత జారియుండెను. అందుచే తలుపు మూసినను స్విచ్చును నొక్కుట లేదు. లోపలి చిన్న దీపమునకు కూడ అదే స్విచ్చు ఆధారము. కాని దాని బల్బు ఎన్నడో మాడిపోయెను, మేము పట్టించుకొనలేదు. అతడు క్రొత్త బల్బు పెట్టగా, తలుపు మూసియున్నను అది వెలుగుచునేయుండెను. "ఈ బల్బొకటి ఉండుంటే మొదటి రోజే పట్టేసేవాళ్లండి" అనెను. రెండవ సాక్షి లేనందున మొదటి సాక్షిని అబద్ధికుడని తీర్పు తీర్చితిమి. కొద్ది రూపాయల రబ్బరుతోను, తలుపు బిగింపుతోను పోవలసిన దోషమునకు మేము ఒక తల్లిని పణముగా పెట్టితిమి.

ఇది మా గ్రామపు మూర్ఖత్వము మాత్రమే కాదు. అమెరికా దేశములో 1974 మోడలు కార్లకు, ముందు సీటువారు బెల్టు పెట్టుకొననిదే ఇంజను కదలని ఏర్పాటు విధింపబడెను. ప్రక్క సీటుమీద సరకుల సంచి పెట్టినను కారు దానిని మనిషియనుకొని మొరాయించెడిది. రెండే సీట్లుగల స్పోర్ట్స్ కార్లవారికిని ఈ బాధ తప్పలేదు. ప్రజలు మండిపడిరి. ఆ సంవత్సరము అక్టోబరులోనే, ఇట్టి ఏర్పాటును గాని, 8 సెకండ్లకు మించి మోగు బెల్టు బజరును గాని ప్రభుత్వము విధింపరాదని చట్టమయ్యెను. సంచిని మనిషియని మోగిన అబద్ధపు హెచ్చరిక, మనిషిని కాపాడు నిజమైన హెచ్చరికను కూడ ద్వేషపాత్రము చేసెను.

మన దేశములో 2019 జూలై 1 నుండి తయారగు క్రొత్త కార్లలో బెల్టు పెట్టుకొనకున్న మోగు బజరును, వేగము 80 కిలోమీటర్లు దాటినప్పుడు హెచ్చరించి 120 దాటినప్పుడు ఎడతెగక మోగు బజరును ఉండవలెనని నియమము వచ్చెను. 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ వద్ద సైరస్ మిస్త్రీ కారు ప్రమాదములో మరణించినప్పుడు, వెనుక సీటులోనున్న ఆయన బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు చెప్పిరి. అయినను బెల్టు ధరింపకయే బజరు నోరు మూయించు చిన్న క్లిప్పులు బజారులో అమ్ముడుపోవుచునే యుండెను. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైను వ్యాపార సంస్థలకు ఉత్తరువులిచ్చి, అట్టి అమ్మకపు ప్రకటనలు 13,118 తీసివేయించెను. ఆ బజరు నిజమే చెప్పుచున్నదని కొనువారికి తెలియును. తెలిసియే డబ్బిచ్చి నిశ్శబ్దమును కొనుచున్నారు.

చదువరులారా, మనలో ప్రతివానియందును ఒక బజరు కలదు. దానిని మనస్సాక్షి యందుము. అది దేవుని స్వరమేయని కొందరు, అది వట్టి పిరికితనమని కొందరు అందురు. రెండును తొందరపాటు మాటలే. దానికి అందు కబురు తప్పైనయెడల మంచి మనస్సాక్షియు తప్పుగా మోగును. దావీదును చూడుడి. గుహలో సౌలు వస్త్రపు చెంగు కోసినంతమాత్రమున అతని హృదయము అతనిని కొట్టెను. అదే దావీదు ఊరియా భార్యను తీసికొని, ఊరియాను చంపించినప్పుడు, నాతాను ఇంటికి వచ్చువరకు ఆ హృదయము మోగిన జాడ లేదు. గుడ్డముక్కకు మోగినది, ప్రాణమునకు మోగలేదు. ఎవడో వచ్చి తీగను మరల కలుపవలసివచ్చెను.

మన మామిడి దేశములోనే చూడుడి. కాయలను కార్బైడుతో మాగవేయుట నిషేధమని 2011 ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. అందులో ఆర్సెనిక్ వంటి విషపదార్థముల జాడలుండును. మొదటి సంవత్సరము ఆ పొట్లమును పెట్టెలో పెట్టువాని చెయ్యి వణకును. "అందరూ వేస్తున్నారు కదండీ" అని వాడు తీగను కోయును. మూడవ సంవత్సరమునకు చెయ్యి వణకదు. అతడు తన యింటి పిల్లలకు మాత్రము గడ్డిలో మాగిన పండ్లను వేరుగా ఉంచును. ఆ వేరుచేసిన బుట్టయే, తెగిన తీగ ఎక్కడనున్నదో చూపుచున్నది.

ఇందుకు మారుగా, మోగరానిచోట మోగు మనస్సాక్షియు కలదు. ఒక తల్లి కుమారుడు కాలువలో మునిగి చనిపోయెను. ఆ ఉదయము ఆమె వానిని తిట్టి పంపియుండెను. "నా బిడ్డను నేనే చంపుకున్నానయ్యగారూ" అని సంవత్సరము పొడుగున ఏడ్చెను. మేము మొదట, "అటువంటిదేమీ లేదమ్మా, మరచిపో" అంటిమి. అదియు తీగ కోయుటయేనని తరువాత గ్రహించితిమి. మరియొక దినమున ఆమెయొద్ద కూర్చుండి, ఏమి జరిగెను, ఏమంటివి, వాడు ఎందుకు నీటిలో దిగెను అని ఒక్కొక్కటిగా అడిగితిమి. వాడు స్నేహితులతో ఈతకు పోయెను. ఆమె మాటకు దానికి సంబంధము లేదు. అయితే తిట్టిన మాట కఠినమైనదే. ఆ మాటకొరకు ఆమె క్షమాపణ వేడుకొనెను. వాని మరణపు భారమును, తనది కాదని, దింపివేసెను. దుఃఖము పోలేదు. మోత మాత్రము తగ్గెను. మన హృదయము మనమీద నేరము మోపినప్పుడు హృదయముకంటె దేవుడు గొప్పవాడని యోహాను వ్రాసినది ఇట్టివారి కొరకే.

కాబట్టి మోగుచున్న మనస్సాక్షిని కోయకుడి. అది మోగినంతమాత్రమున మిమ్మును మీరు ఉరితీసికొనకుడి. మెకానిక్కు చేసినట్లు, ఎప్పుడు మోగుచున్నదని అడుగుడి. అది చెప్పు తలుపు నిజముగా తెరచియున్నదో లేదో వెళ్లి చూడుడి. మీరు ఒంటరిగా తీర్పు తీర్చక, నమ్మదగిన సహోదరుని గాని సహోదరిని గాని రెండవ సాక్షిగా పిలువుడి. తలుపు తెరచియున్నయెడల మూయుడి. మూసియున్నయెడల అరిగిన రబ్బరును మార్చుడి.

పని ముగిసినదని మేము డబ్బిచ్చి బయలుదేరబోగా ఆ మెకానిక్కు మమ్మును ఆపెను. "ఉండండయ్యగారూ, ఆగింది సరే, మోగాల్సినప్పుడు మోగుతోందో లేదో చూడొద్దాండీ?" అని దీపములు వేసి తలుపు తెరచెను. బజరు మోగెను. మా యువకుడు చేయి చాచి దీపములను ఆర్పెను. అప్పుడది ఆగెను.

మోగకపోవుటయే సమాధానమని మేము ఆరు వారములు నమ్మితిమి. మోగవలసినచోట మోగి, దిద్దుకొనగనే ఆగునదే సమాధానము. మీ యింట నేడు నిశ్శబ్దముగా నున్నయెడల సంతోషించుడి; అయితే ఒకసారి తలుపు తెరచి చూడుడి.